ఇంటిపేరు మారిన మొక్క

"అమ్మాయ్, టీవీ తర్వాత తుడుద్దువుగాని, ముందు నా మొక్క తుడువు. పక్కింటావిడ వస్తానంది."

అత్తగారి మొక్కంటే కుండీలో మొక్క కాదు. హాల్లో సోఫాకి ఎదురుగా, చిన్నపాటి కిటికీ అంత ఫ్రేములో వేలాడే ఫోటో. సన్నటి గొట్టంలాంటి మెడ, చివర విచ్చుకున్న ఊదారంగు రేకులు. కింద ఇత్తడి రేకు మీద చెక్కించిన రెండు మాటల శాస్త్రీయ నామం. మొదటి మాట ఆ ఇంటివాళ్ళ ఇంటిపేరు, రెండో మాట అత్తగారి పేరు. రెండింటికీ లాటిన్ తోకలు తగిలించి ఉండడంతో వచ్చినవాళ్ళకి ఓ పట్టాన తెలిసేది కాదు. ఆవిడే విప్పి చెప్పేది. "మా అబ్బాయి కనిపెట్టాడు. ప్రపంచంలో ఎవరైనా సరే, ఈ మొక్కని పిలవాలంటే నా పేరు పెట్టి పిలవాల్సిందే." పక్కింటావిడ బుగ్గలు నొక్కుకునేది. టీ కప్పులు అందిస్తున్న కోడలు కనబడ్డాక చివరగా ఇంకో ముక్క చేర్చేది. "మా కోడలూ అక్కడే పని చేస్తుంది. వాడికి సాయంగా."

ఆమె చేసేది సాయం కాదని అత్తగారికి చెప్పడం ఆమె ఏనాడో మానేసింది. చెప్పిన ప్రతిసారీ "అదేలేమ్మా, ఏదో ఒకటి" అనేది ఆవిడ.

ఆమె భర్త వృత్తి మొక్కల వర్గీకరణ. ఏ మొక్క ఏ గుంపుది, ఎవరికెవరు దగ్గరి చుట్టం అని తేల్చడం. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో ఒక కొండ మీద అతనికి ఆ పువ్వు దొరికింది. తెలిసిన ఏ ప్రజాతిలోనూ అది ఇమడలేదు. అందుకని దానికోసం కొత్త ప్రజాతినే కట్టాడు. మొక్కలకి ప్రజాతి అంటే ఇంటిపేరు లాంటిది. జాతి పేరు సొంత పేరు. పోయిన తండ్రి గుర్తుగా తమ ఇంటిపేరు ముందు పెట్టి, వెనక తల్లి పేరు పెట్టాడు. "నాన్నకి ప్రజాతి, అమ్మకి జాతి. ఇద్దరికీ న్యాయం చేశాను" అన్నాడు. మరి నాకో అని ఆమె సరదాకి అడిగితే, "నీకు నేనున్నాగా" అని బుగ్గ గిల్లాడు. ఆ పువ్వుని నిలువునా కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, కేసరాలూ అండాశయమూ వెంట్రుకతో సహా గీసింది ఆమే. అప్పుడు కడుపుతో ఉంది. ఒక కేసరం గీయడం, వెళ్ళి వాంతి చేసుకోవడం, మొహం కడుక్కొచ్చి ఇంకో కేసరం గీయడం. ఆ కొత్త ప్రజాతి గురించి అతను రాసిన పేపర్ అచ్చయ్యాక చివరి పేజీలో ఆమె కూడా ఉంది: ఓపికతో సహకరించిన నా భార్యకు కృతజ్ఞతలు. ఆ వాక్యం చదువుకుని మురిసిపోయింది కూడా. అప్పటికే ఆమె చేతిలో డాక్టరేట్ ఉంది. ఓపిక అన్నది ఏ డిగ్రీ కిందా లెక్కకి రాదని, పాప బడికెళ్ళే వయసొచ్చాక మళ్ళీ ఉద్యోగం వెతుక్కునేటప్పుడు గాని ఆమెకి తెలిసిరాలేదు.

దొరికిన ఉద్యోగం అదే సంస్థలో, వేరే అంతస్తులో ఉన్న డీఎన్‌ఏ ల్యాబ్‌లో. ఉదయం డబ్బాలు సర్ది, పాపని బడి దగ్గర దింపి, అతని పక్కన కారులో కూర్చుని వెళ్ళేది. లిఫ్టులో ఎదురైనవాళ్ళు "నమస్తే సార్" అని అతనికి చెప్పి, ఆమెకేసి చూసి "చిన్న మేడమ్ గారు బాగున్నారా" అనేవారు. పెద్ద మేడమ్ ఎవరో ఆమెకి ఎప్పటికీ అంతుపట్టలేదు. సాయంత్రం అదే కారులో తిరిగొచ్చాక అతను సోఫాలో వాలి "అబ్బా, ఒళ్ళు హూనమైపోయింది" అనేవాడు. ఆమె ఒళ్ళు వంటింట్లోకి నడిచేది.

అయినా ఆ ల్యాబ్ గుమ్మం దాటితే ఆమెకి ఊపిరాడేది. ఆకుకి పచ్చదనాన్నిచ్చే హరితరేణువులకి, కణంలో ఉండే కేంద్రకంతో పనిలేకుండా, తమ సొంత జన్యువులుంటాయి. చాలా పూలమొక్కల్లో అవి తల్లి మొక్క నుంచే గింజలోకి వస్తాయి. పువ్వులు తేనెటీగల కోసమో గాలి కోసమో చూస్తూ చూస్తూ వేషం మార్చేస్తాయి గాని, ఈ జన్యువులు మహా నిదానంగా మారతాయి. ఒక మొక్క హరితరేణువులోని జన్యువుల వరస మొత్తం చదివి, ఇంకో మొక్క వరస పక్కన పెట్టి చూస్తే, ఇద్దరూ ఎంత దగ్గరివాళ్ళో, ఎంత కాలం కిందట విడిపోయారో తెలుస్తుంది. ఆమెకి అప్పగించిన పని అదే. ఒక పెద్ద మొక్కల కుటుంబాన్ని తీసుకుని, అందులో దొరికినన్ని జాతుల హరితరేణువులు చదివి, వంశవృక్షం గీయడం. ఆ కుటుంబంలోదే అత్తగారి మొక్క కూడా.

ఆ మొక్క ఆమెని ముప్పుతిప్పలు పెట్టింది. ఆకుని గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ పోసి చిన్న రోట్లో నూరితే మిగతావన్నీ పొడి అయ్యేవి. ఇది మాత్రం కాస్త వేడి తగలగానే బంకలా సాగేది. ఎంత కడిగినా జిగురు వదిలేది కాదు. అత్తయ్య పేరు పెట్టుకున్నందుకు ఆ మాత్రం పట్టు ఉండొద్దూ అనుకుని, మాస్కు వెనక నవ్వుకునేది. చివరికి ఎలాగో లొంగింది. వరస చదివించింది. కంప్యూటర్ వంశవృక్షం గీసి తెర మీద పెట్టింది.

కొత్త ప్రజాతి అంటే ఆ వృక్షంలో తనకంటూ ఒక కొమ్మ మీద విడిగా నిలబడాలి. అత్తగారి మొక్క విడిగా లేదు. రోడ్డు వారల, గోడల పగుళ్ళలో, అందరూ తొక్కుకుంటూ పోయే ఒక మామూలు కలుపుమొక్క ప్రజాతి ఉంది. దాని కొమ్మల మధ్య, అటు అక్క ఇటు చెల్లి అన్నట్టు, ఇరుక్కుని ఉంది. ఆమె మొదట తననే అనుమానించుకుంది. కూరలో ఉప్పు ఎక్కువైనా, పాపకి జలుబు చేసినా, కారు తాళాలు కనబడకపోయినా, "ఎవరి పొరపాటు?" అని అడగకుండానే తన వైపు చూసే కళ్ళ మధ్య బతికి బతికి, ఆ చూపు ఆమెకి కూడా అలవాటైపోయింది. శాంపిల్ కలిసిపోయి ఉంటుంది, గ్లవ్స్ మార్చలేదేమో, ట్యూబు మీద అంకె తప్పు రాశానేమో. గ్రీన్‌హౌస్‌కి వెళ్ళి, బతికున్న మొక్క నుంచి కొత్త ఆకు తెంపుకొచ్చి, మొదటినుంచీ మళ్ళీ చేసింది. మొక్క మళ్ళీ అక్కడే నిలబడింది.

కారులో చెప్పింది అతనికి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు.

అతను ఆకుపచ్చ దీపం పడ్డాక గేరు మార్చాడు. తర్వాత, "హరితరేణువు చెప్పేది తల్లి వైపు కథే. ఎప్పుడో రెండు జాతులు కలిసి, ఆ కలుపుమొక్క హరితరేణువు ఇందులోకి వచ్చి చేరి ఉండొచ్చు. సగం కథ పట్టుకుని మొత్తం తీర్పు చెప్పకు" అన్నాడు.

అది న్యాయమైన అభ్యంతరమే. మొక్కల్లో అలా జరుగుతుంది. అందుకే ఆమె ఉడుక్కోలేదు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే కేంద్రకం జన్యువులు కూడా చదివింది. దానికి చాలా కాలం పట్టింది. ఆ కాలమంతా ఇంట్లో వంటా, పాప లెక్కల హోంవర్కూ, అత్తగారి కంటి ఆపరేషనూ నడుస్తూనే ఉన్నాయి. చుక్కలమందు వేయడం మధ్యలో ల్యాబ్ నుంచి ఫోనొస్తే, "ఒక్క నిమిషం అత్తయ్యా, రెప్ప వాల్చకండి" అంటూ ఫలితాలు వినేది. తండ్రి వైపు కథ కూడా అదే మాట చెప్పింది.

ఈసారి వంటింట్లో చెప్పింది. అతను ఫ్రిజ్ తలుపు తెరిచి, ఏం కావాలో మర్చిపోయినవాడిలా నిలబడ్డాడు.

"ఆ ఒక్క మొక్కనీ నువ్వు రాయబోయే పేపర్లోంచి తీసెయ్యి."

"మిగతా అన్నీ ఉంచి అదొక్కటీ తీసేస్తే అందరూ అడగరూ?"

"తర్వాత చూద్దాం అను. నీకేం, ఇంకా బోలెడు మొక్కలున్నాయి. అమ్మ సంగతి ఆలోచించావా? అసలు ఆవిడ పేరు మీద ఈ లోకంలో ఉన్నది అదొక్కటే."

ఆ మాట మాత్రం ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. అతను ఏ ఉద్దేశంతో అన్నా, నిజమే అన్నాడు. ఇల్లు మామగారి పేరు మీద ఉండేది, ఇప్పుడు అతని పేరు మీద ఉంది. గేటు మీద బోర్డులో ఆవిడ లేదు. కరెంటు బిల్లులో లేదు. చుట్టుపక్కల ఆవిడని ప్రొఫెసర్ గారి అమ్మగారు అంటారు, అంతకు ముందు మాస్టారి భార్య అనేవారట, దానికి ముందు ఫలానావారి రెండో అమ్మాయి. ఆస్పత్రిలో నర్సు పేరు పెట్టి పిలిస్తే ఆవిడ ఉలిక్కిపడి, ఎవరినో అన్నట్టు అటూ ఇటూ చూసింది. అలాంటి మనిషి హాల్లో కూర్చుని, ఇత్తడి రేకు మీద వేలు ఆనించి, "ఇది నేనే" అని చెప్పుకుంటుంటే, ఆ వేలిని అక్కణ్ణించి తొలగించడం ఎవరి చేతనవుతుంది? ఈవిడ తనని ఎన్ని అంది! తను ల్యాబ్ నుంచి ఆలస్యమైన రోజున, "ఆకులు నూరడానికి అంత దూరం వెళ్ళాలా, ఇంట్లో లేవూ?" అన్న మనిషే. ఆ మాట ఇప్పటికీ మండుతూనే ఉంటుంది. అయినా అత్తగారి మీద కోపం ఒక పక్కా, ఆవిడ వేలు మీద జాలి ఇంకో పక్కా, రెండూ ఆమె లోపల ఒకే మంచం మీద అటు తిరిగి ఒకరూ ఇటు తిరిగి ఒకరూ పడుకున్నట్టున్నాయి.

ల్యాబ్ హెడ్‌కి ఫలితాలు చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, వంశవృక్షం మొత్తం పైనించి కిందికి చూసి, "పని బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు. ఆమె మొహం వెలిగేలోపే, "కాకపోతే ఇది సార్ ప్రజాతి కదా. ముందు ఇంట్లో మాట్లాడుకుని రండి" అన్నాడు. అదే ఫలితాన్ని ఇంకెవరైనా మగవాడు తెచ్చి ఉంటే, ఇంట్లో మాట్లాడుకుని రమ్మని పంపేవాడా ఈయన? లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది. కోపానికి.

ఆ వారం ఇంట్లో గాలి మారింది. అత్తగారు ఆమె పెట్టిన టీ తాగకుండా చల్లార్చి సింకులో పోయడం మొదలుపెట్టింది. పిలిస్తే పలికేది కాదు. పక్కింటావిడ వస్తే ఫోటో మాటే ఎత్తలేదు. సెలవురోజు ఉదయం, అతను పాపని ఈతకి తీసుకెళ్ళాక, ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. చేతులు పని చేస్తున్నాయి, నోళ్ళు మూసుకున్నాయి. చివరికి ఆవిడే తలెత్తకుండా అంది.

"నా పేరు చెరిపేస్తున్నావటగా."

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఎవరన్నారు?"

"ఎవరంటే ఏం? నిన్ను నేనేమైనా అని ఉంటే మొహం మీద అను, పడతాను. ఇలా చాటుగా కక్ష తీర్చుకోవడం ఏమిటి?"

ఎవరన్నారో ఇక అడగక్కర్లేదు. అతను అమ్మని అడ్డం పెట్టుకున్నాడు. తెలియక కాదు, ఈ విషయం తెలిసినవాళ్ళలో అతనికన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ సంస్థలోనే లేరు.

"అత్తయ్యా, ఒక్కమాట వినండి. విన్నాక మీరు ఏమన్నా సరే." ఒక బఠాణీ కాయ తీసి బల్ల మీద పెట్టింది. "మీ మొక్క పేరులో రెండు మాటలున్నాయి కదా. ముందుది ప్రజాతి, అంటే ఇంటిపేరు. వెనకది మీ పేరు. నేను తేల్చింది ఏమిటంటే, ఈ మొక్క విడిగా ఒక ఇల్లు కాదు, ఇంకో ఇంట్లో పిల్ల. అంచేత దాన్ని ఆ ఇంట్లోకి చేరుస్తారు. అప్పుడు ముందు మాట పోయి, ఆ కొత్త ఇంటిపేరు వస్తుంది."

"మరి నా పేరు?"

"ఉంటుంది. తోక కాస్త మారితే మారొచ్చు, అంతే. మొక్క ఏ ఇంటికి వెళ్ళినా సొంత పేరు దాని వెంటే వెళ్ళాలి. అది నియమం. నేను వద్దన్నా, మీ అబ్బాయి వద్దన్నా కుదరదు."

అత్తగారి చేతులు ఆగాయి. బల్ల మీది కాయని వేలితో అటూ ఇటూ దొర్లించింది.

"అంటే పోయేది వీళ్ళ ఇంటిపేరన్నమాట."

"అవును."

"నాది పోదు."

"పోదు."

ఆవిడ ఒక కాయ తీసుకుని పుటుక్కున విరిచింది. "ఇంటిపేరు మారడం నాకేమైనా కొత్తా? ఇదివరకు ఒకసారి మారిందిగా! అప్పుడు ఇంత గొడవ చేసినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు." అని నాలుగు గింజలు గిన్నెలోకి దులిపి, అంతలోనే మొహం చిట్లించింది. "ఇంతకీ నన్ను చేర్చేది ఏ ఇంట్లో?"

ఆమె కాస్త నసిగింది. "రోడ్డు పక్కన ఉంటుందే, చిన్న చిన్న పూలు..."

"కలుపుమొక్కా! పోయి పోయి నన్ను కలుపులో కలుపుతావుటే!"

ఆమెకి నవ్వాగలేదు. అత్తగారు ఉరిమి చూసింది. చూస్తూ చూస్తూనే ఆవిడ పెదవి కూడా ఒక పక్కకి జారింది. కాసేపటికి మాత్రం గొంతు తగ్గించి, "మరి వాడు నా పేరే పోతుందని ఎందుకన్నాడు?" అని అడిగింది. ఆమె ఇంకో గుప్పెడు కాయలు ఆవిడ ముందుకి జరిపింది. ఆవిడ మళ్ళీ అడగలేదు. మిగిలిన కాయలన్నీ ఒలిచాక చేతులు దులుపుకుని అంది.

"అసలు ఆ మొక్క ఎక్కడుంది? నేను చూడాలి."

అప్పుడు తట్టింది ఆమెకి. ఇన్నేళ్ళలో ఆవిడని అక్కడికి ఎవరూ తీసుకెళ్ళలేదు. తను కూడా.

మర్నాడే తీసుకెళ్ళింది. గ్రీన్‌హౌస్‌లో ఉక్కగా, తడిమట్టి వాసనగా ఉంది. కుండీల వరసల మధ్య అత్తగారు ఆమె భుజం పట్టుకుని మెల్లగా నడిచింది. ఆమె ఒక కుండీ దగ్గర ఆగి వంగింది. జానెడు ఎత్తు మొక్క. ఓ పక్కగా ఒక పువ్వు, చిటికెనవేలి గోరంత.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంతేనా! చెట్టంత చేసి చెప్పానే అందరికీ!" కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, ఆవిడ మొహం దగ్గరగా పెట్టి చూసింది. ఆకుని తాకి, వేళ్ళకి అంటిన జిగురు చూసుకుంది. తర్వాత ఎవరో పరిచయం లేని పిల్లని పలకరించినట్టు, తన పేరు పెట్టి ఆ మొక్కని ఒక్కసారి పిలిచింది. చిన్నగా, తనకే వినబడేలా. ఆమె పక్కకి తిరిగి, పక్క కుండీలో తీయాల్సిన ఎండుటాకేమీ లేకపోయినా తీస్తున్నట్టు నిలబడింది.

అతను వాళ్ళని వెతుక్కుంటూ వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు. తలుపు దగ్గర తల్లిని చూసి ఆగిపోయాడు.

"రా, రా" అంది తల్లి. "పోయేది మీ నాన్న ఇంటిపేరని నాతో చెప్పుంటే, ఆయన కోసం నేనూ కాస్త బాధపడేదాన్నిగా. నా పేరు అడ్డం పెట్టుకోవడం ఎందుకురా?"

అతను మెడ దాకా ఎర్రబడ్డాడు. ఆవిడని కారులో కూర్చోబెట్టాక, మెట్ల దగ్గర ఆమెతో అన్నాడు. "ఆ కొండ ఎన్నిసార్లు ఎక్కానో నీకు తెలుసు. కాలు విరిగినప్పుడు కూడా ఎక్కాను. అది కొత్త ప్రజాతి కాదంటే, నేను ఇన్నాళ్ళూ చేసిందేమిటి?"

"ఆ మొక్క ఎవరికీ తెలియకముందు మీకు దొరికింది. అది మీ నుంచి ఎవరూ తీసుకోలేరు. దాని ఇల్లు మాత్రం నేను కనుక్కున్నాను." ఆమె గొంతులో వెటకారం లేదు; ఉండాలని కూడా అనిపించలేదు. "అత్తయ్యతో అలా చెప్పినందుకు మాత్రం నాకు చాలా కోపంగా ఉంది. అది ఇప్పట్లో పోదు."

సంస్థ వార్షిక సమావేశం దగ్గరపడింది. ల్యాబ్ హెడ్ ఇద్దర్నీ పిలిచాడు. మధ్యేమార్గం దొరికిన మనిషిలా ఉత్సాహంగా ఉన్నాడు. "సార్ స్వయంగా ప్రకటిస్తే హుందాగా ఉంటుంది. తన ప్రజాతిని తనే వెనక్కి తీసుకున్నట్టుంటుంది. ఏమంటారు?"

అతను ఆమె వైపు తిరిగాడు. మంచి మనసుతోనే అన్నాడు, అదే చిక్కు. "నేను చెప్తానులే. నీకెందుకు టెన్షన్? నీ పేరు కూడా వేద్దాం."

కూడా. ఆ మాట ఆమె ముందు బల్ల మీద పడి దొర్లింది. కోడలు కూడా అక్కడే పని చేస్తుంది. నువ్వు కూడా తిను. నిన్ను కూడా తీసుకెళ్తాలే. ఇన్నేళ్ళ తన బతుకంతా ఆ ఒక్క మాట వెనక, కారు వెనక సీట్లో కూర్చున్నట్టు కూర్చుంది. ఇప్పుడు తను ఒప్పుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇంట్లో టీ వేడిగానే తాగుతారు. ఇతని తలా వంగదు, ఈయన పరువూ నిలుస్తుంది. ఒక్క తనకే, ఎప్పటిలాగే, ఓపిక ఉండాలి. లోపల వెతుక్కుంది. అది ఎక్కడా కనబడలేదు. దాని చోట ఏదో తేలిగ్గా, ఖాళీగా, కిటికీ తీసిన గదిలా ఉంది.

"పని నాది" అంది. "నేనే చెప్తాను."

ల్యాబ్ హెడ్ అతనికేసి చూశాడు. అతను బల్లకేసి చూసి తల ఊపాడు.

సమావేశం రోజున హాలు నిండింది. అత్తగారు మూడో వరసలో, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని శాస్త్రవేత్తకి ఏదో చెబుతోంది. వేదిక మీద పరిచయం చేసినాయన అలవాటుకొద్దీ "మన ప్రొఫెసర్ గారి..." అని మొదలుపెట్టబోతే, ఆమె మైకు వైపు వంగి తన పేరు తనే చెప్పుకుంది. ఇంటిపేరు లేకుండా, సొంత పేరు ఒక్కటే. ముందు డాక్టర్ అని చేర్చింది. తెర మీద వంశవృక్షం చూపించింది. కొమ్మ మీద కొమ్మగా ఎవరు ఎక్కడ ఎప్పుడు విడిపోయారో చెప్పుకుంటూ వచ్చి, కొండ మీది ఊదా పువ్వు దగ్గర ఆగింది. దాన్ని మొదట కనుక్కున్నది ఎవరో పేరుతో సహా చెప్పింది. తర్వాత దాని కొత్త పేరు చదివింది. అందులో రెండో మాట వినబడగానే మూడో వరసలో ఎవరో గట్టిగా గొంతు సవరించుకున్నారు.

ప్రశ్నలు మొదలయ్యాయి. హాలు వెనకనించి ఒక చెయ్యి లేచింది. అతను. మైకు అందుకుని లేచి నిలబడ్డాడు. హాలంతా కొద్దిగా సర్దుకుని కూర్చుంది. అందరికీ తెలుసు ఎవరి ప్రజాతి పోయిందో.

"డాక్టర్ గారూ" అన్నాడు, ఒక్క క్షణం ఆగి. "మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నాకొక సందేహం. ఆ రోడ్డు పక్క మొక్కకి ఇది అంత దగ్గరి చుట్టమైతే, పువ్వు మాత్రం ఎందుకు అంతలా మారిపోయింది? నేను అన్నేళ్ళు చూసి కూడా పోల్చుకోలేనంతగా? మీకేమైనా తెలిసిందా?"

మీరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె అతన్ని అంటూ వచ్చిన మాట, అతని నోట మొదటిసారి ఇటు తిరిగింది. అది దారిలో ఎక్కడా తడబడకుండా హాలు ఈ చివరి దాకా వచ్చింది. అతని మొహంలో పరీక్ష లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు.

ఆమె గ్లాసెడు నీళ్ళు తాగింది. తొందరపడలేదు.

"మంచి ప్రశ్న" అంది. "కూర్చోండి, చెప్తాను."